చెన్నపట్టణపు విక్టోరియా హాలు, బళ్లారి నాటకములు

మా పాఠశాల బాలబాలికలకు చెన్నపట్టణము క్రొత్త ఊరు కాదు. పెండ్లికో, ఆసుపత్రికో, బంధువుల యింటికో తల్లిదండ్రులతో పోయి వచ్చినవారే పెక్కుమంది. బంగారుపేటలో రైలెక్కి సెంట్రల్ స్టేషనులో దిగుట, దిగిన వెంటనే సామాను లెక్కించుకొనుట, బస్సు నంబరు వెదకుట - వారెరిగిన చెన్నపట్టణ మంతమాత్రమే. ఆ స్టేషనుకు కూతవేటు దూరమున, తెల్లని రిప్పన్ భవనమునకు ప్రక్కగా, ఎఱ్ఱని కట్టడమొకటి నిలిచియున్నది. పలువురు దానిని చూచియు చూడనివారే. ఎన్నో యేండ్లు అది మూతబడి, పాడువడి, చూడదగిన స్థితిలో లేకుండెను గనుక వారిని తప్పుపట్టుటకు వీలులేదు. అదియే విక్టోరియా పబ్లిక్ హాలు. చెన్నపట్టణ నగరపాలక సంస్థ 2023లో దాని పునరుద్ధరణమునకు పూనుకొని, ముప్పది కోట్ల రూపాయలకు పైబడిన వ్యయముతో పని సాగించి, 2025 సంవత్సరము చివర దానిని మరల తెరపించినది.

తొమ్మిదవ, పదవ తరగతుల విద్యార్థులను వెంటబెట్టుకొని మే మా హాలును చూచి వచ్చితిమి. తమక నుండి తెల్లవారకముందే బయలుదేరిన పిల్లలు అలసియుండిరి. అయినను లోపలికి అడుగుపెట్టగానే వారి మాటలు తమంతట తామే తగ్గిపోయినవి. ఆ చూచినదానిని, దాని వెనుక నున్న చరిత్రను విద్యార్థుల తల్లిదండ్రులకు తెలుపుటకై ఈ వ్యాసము వ్రాయుచున్నాము. విహారయాత్రకు డబ్బిచ్చినవారు మీరు. ఆ డబ్బునకు పిల్లలేమి నేర్చుకొని వచ్చిరో తెలిసికొను హక్కు మీకు కలదు.

మొదట కట్టడమును గూర్చి చెప్పెదము. 1880 ప్రాంతమున చెన్నపట్టణములో పురజనులు పెద్దసంఖ్యలో కూడి సభలు జరుపుకొనుటకు, నాటకములు చూచుటకు తగిన శాల లేకుండెను. నగర ప్రముఖులు కూడి చందాలు వేసికొని అట్టి శాల నొకదానిని నిర్మింప తలపెట్టిరి. పీపుల్స్ పార్కు అను తోటలో స్థలము లభించినది. 1883 డిసెంబరు 17వ తేదీన శంకుస్థాపన జరిగినది. శంకుస్థాపన చేసినవారెవరో మా పిల్లలలో ఒక్కరును ఊహింపలేకపోయిరి. ఆయన విజయనగర సంస్థానాధీశుడు పూసపాటి ఆనందగజపతి మహారాజు. తెలుగు వాచకములో గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును గూర్చి చదువునప్పుడు మనము వినునది ఈయన పేరే. ఆ నాటకము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడినది. 1897లో అచ్చయి ఆ మహారాజునకే అంకితమీయబడినది. తన ఊరిలో తెలుగు నాటకమునకు నీడనిచ్చిన ప్రభువే, అంతకు తొమ్మిదేండ్లు ముందుగా చెన్నపట్టణపు ఈ శాలకు తొలి రాయి వేసెనన్నమాట. విక్టోరియా రాణి పాలనకు ఏబదేండ్లు నిండిన 1887 నాటి ఉత్సవమును పురస్కరించుకొని శాలకు ఆమె పేరు పెట్టిరి. ఆ దశకము ముగియునాటికి కట్టడము పూర్తియైనది.

దీని నమూనా గీచినవాడు రాబర్ట్ చిషోల్మ్ అను ఆంగ్లేయ శిల్పి. చెన్నపట్టణ విశ్వవిద్యాలయపు సెనేట్ హవుసు, తిరువనంతపురములోని నేపియర్ మ్యూజియము ఈయన సృష్టులే. కట్టించిన కంట్రాక్టరు తాటికొండ నంబెరుమాళ్ శెట్టిగారు, తెలుగు వైశ్యులు. ఆ కాలమున చెన్నపట్టణమున లేచిన పెద్ద ఎఱ్ఱ ఇటుక మేడలలో అనేకము వారి చేతిమీదుగా వచ్చినవే. గణితమన్న భయపడు మా పదవ తరగతి వారికి మరియొక సంగతి కూడ చెప్పితిమి: శ్రీనివాస రామానుజన్ 1920లో కన్నుమూసినది చేట్‌పట్‌లో ఈ శెట్టిగారికి చెందిన యింటనే. ఇది నాటకశాలకు సంబంధించినది కాదు గాని, ఒక పేరు విన్నప్పుడు దాని చుట్టునున్న నాలుగు సంగతులను కలిపి జ్ఞాపకముంచుకొనుట మంచి అలవాటు.

ఇక శాలను చూడుడు. బయటినుండి చూచువారికి మొదట కనబడునది చతురస్రమైన గోపురము, దాని తలపై టోపీవలె అమరిన వాలు కప్పు. అది కేరళ దేశపు ఇండ్ల కప్పులను చూచి చేసినది. చిషోల్మ్ తిరువాన్కూరులో పనిచేయుచు నేర్చిన పాఠమది. గోపురమునకు చుట్టును కాల్చిన మట్టితో చేసిన అలంకారపు పట్టె యొకటి యున్నది. అది మసీదు గోడలమీది అరబ్బీ వ్రాతను తలపించును. దగ్గరగా చూచిన, అది అక్షరము కాదు, లతయే. క్రింది వరండాలో రాతి స్తంభములు, వానిపై అర్ధచంద్రాకారపు వంపులు. ఆ వంపులు ఐరోపాలోని పాత చర్చీల రీతికి చెందినవి. ఈ విధముగా ఇటలీ గోపురము, కేరళ కప్పు, మహమ్మదీయ అలంకారము, మన దేశపు ఇటుక, సున్నము ఒకే గోడలో కలిసియున్నవి. కొందరు విమర్శకులు దీనిని కలగాపులగమని పరిహసింతురు. మాకట్లు తోచలేదు. నాలుగు భాషలు మాటలాడు పట్టణమునకు నాలుగు రీతుల కట్టడము తగియేయున్నది.

లోపల హాళ్లు రెండు, ఒకదానిపై నొకటి. ఒక్కొక్కదానిలో సుమారు 600 మంది కూర్చుండుటకు వీలుగా వానిని నిర్మించిరి. పై హాలులో తూర్పు ప్రక్కన కొయ్య గ్యాలరీ యొకటి యున్నది. దానిమీద మరి 200 మందికి పైగా చోటుండెడిది. పిల్లలందరును మొదట పరుగెత్తినది ఈ గ్యాలరీ వైపునకే. మేమును దానినే ఎక్కువసేపు చూచితిమి. పూర్వపు వడ్రంగి పనిలో ఒక మర్యాద కలదు. బరువు మోయవలసిన కొయ్య బరువు మోయుచునే అందముగా నుండును. అందముకొరకు వేరుగా తగిలించినది చాల తక్కువ. ఎత్తయిన కప్పు, పొడవాటి కిటికీలు, గాలి ధారాళముగ వచ్చు వరండాలు - ఇవి అన్నియు విద్యుత్తు పంకాలు లేని కాలపు ఏర్పాట్లు. వేసవి సాయంకాలము ఆరువందల మంది ఒక గదిలో నాలుగైదు గంటలు కూర్చుండి నాటకము చూడవలెనన్న గాలి రావలెను గదా. మన పాత ఇండ్లలో చూరును ఎత్తుగా వేసి, కప్పు క్రింద గాలికి సందు విడుచుట మీలో పెద్దలెరిగినదే.

భోగట్టా తెలిసిన పాఠకులొకరు ముంబయిలోని రాయల్ ఆపెరా హవుసును చూచి యుండవచ్చును. 1911లో అయిదవ జార్జి చక్రవర్తి దానిని ప్రారంభించెను. 1993లో మూతబడి, ఇరువదిమూడేండ్లకు 2016లో తిరిగి తెరువబడినది. అచ్చట కప్పు నడుమ ఎనిమిది భాగముల గుమ్మటము, కవులకు నాటకకర్తలకు నివాళిగా దానిమీద చిత్రములు, గాజు దీపగుచ్ఛములు, బంగారు పూతలు, ధనికులు విడిగా కూర్చుండుటకు అరలు ఉన్నవి. అది రాజదర్బారువంటిది. చెన్నపట్టణపు హాలులో అట్టి వైభవము కొరకు వెదకువారు నిరాశ చెందుదురు. ఇచ్చటి అలంకారము ఇటుకలో, సున్నములో, కాల్చిన మట్టిలో, కొయ్యలో నున్నది. పురజనులు చందాలు వేసికొని కట్టుకొన్న శాలకు ఇదియే సొంపని మా యభిప్రాయము.

మరమ్మతును గూర్చి కూడ నొక మాట. ఇట్టి పాత కట్టడములను బాగుచేయునప్పుడు సిమెంటు పూసిన చాలునని పలువురనుకొందురు. అది పొరపాటు. పాత ఇటుక మెత్తనిది, గాలిలోని చెమ్మను పీల్చి తిరిగి విడుచునది. సున్నపు గచ్చు ఆ చెమ్మను బయటికి పోనిచ్చును. సిమెంటు పోనీయదు. లోపల చిక్కిన నీరు ఇటుకను క్రమముగా పొడిచేయును. పైకి గోడ గట్టిగానే కనబడుచు, లోపల చచ్చును. అందుచే తెలిసినవారు పాతరీతి సున్నమునే వాడుదురు. కరక్కాయ నానబెట్టిన నీరు, బెల్లము కలిపి సున్నము నూరుట మన మేస్త్రీల తాతలకు తెలిసిన విద్య. మన కోలారు జిల్లాలో పాత గుడులకు, సత్రములకు సిమెంటు పూసి పైన రంగు వేయించు ధర్మకర్తలు ఈ సంగతి విన్న బాగుండును.

పై హాలులో రంగస్థలమునకు ఎదురుగా నిలిచియుండగా, తొమ్మిదవ తరగతి పిల్లవాడొకడు మమ్ము అడిగెను: "సార్, ఇది తమిళుల ఊరు. బోర్డులన్నియు తమిళములో నున్నవి. దీనితో మనకేమి సంబంధము?" అడిగిన తీరులో అవినయము లేదు. నిజముగా తెలిసికొనగోరియే అడిగెను. కొంచెము మార్చినచో, ఇదే ప్రశ్నను ప్రతి సంవత్సరము జూన్ మాసములో మా కార్యాలయమునకు వచ్చు తల్లిదండ్రులు కూడ అడుగుచుందురు: "కన్నడ దేశములో ఉన్నాము, ఇంగ్లీషుతో బ్రతుకవలెను, తెలుగుతో మా పిల్లలకేమి సంబంధము?" పిల్లవానికి ఆ హాలులోనే నిలిచి చెప్పిన సమాధానమునే ఇచ్చట కొంత విస్తరించి వ్రాయుచున్నాము.

బళ్లారి పట్టణమును మీరెరుగుదురు. 1953లో అది మైసూరు రాష్ట్రమున చేరినది. అంతకు ముందు చెన్నపట్టణ రాజధానిలోని జిల్లా. అచ్చట తెలుగు, కన్నడము ఎప్పుడును కలిసియే యున్నవి. ఒక వీధిలో ఒకటి, మరు వీధిలో మరియొకటి. కొన్ని ఇండ్లలో రెండును. అట్టి బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు న్యాయవాదిగా నుండిరి. 1853లో జన్మించి 1912లో దివంగతులైరి. పగలు కోర్టులో వాదించుచు, రాత్రులు తెలుగు నాటకములు వ్రాసి, తమ సరసవినోదినీ సభ యను సమాజము ద్వారా వానిని ప్రదర్శించుచుండిరి. చిత్రనళీయము, విషాద సారంగధర, ప్రహ్లాద మొదలగునవి వారి కృతులు. సంస్కృత నాటక మర్యాదను అనుసరించి మంగళాంతముగ ముగింపక, సారంగధర కథను విషాదముతోనే ముగించుట తెలుగువారికి క్రొత్త. పద్యమును రాగయుక్తముగ పాడుట, పాత్రలచే పాటలు పాడించుట వారి నాటకములకు ప్రత్యేకాకర్షణ. ఆంధ్ర నాటక పితామహుడని తెలుగువారు వారిని గౌరవించిరి.

తెలుగు రంగస్థలము అప్పటికి ఎంత పసిదో గమనింపుడు. కందుకూరి వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున విద్యార్థులచే నాటకమాడించినది 1880లో. కడప మండలములోని సురభి గ్రామమున, తరువాత దేశమంతట ప్రఖ్యాతి గాంచిన నాటక కుటుంబము తొలి ప్రదర్శన మిచ్చినది 1885లో. విక్టోరియా హాలు పునాదులు లేచుచున్న కాలమును, తెలుగు నాటకము నడక నేర్చుచున్న కాలమును ఒక్కటియే.

1891లో బళ్లారి సరసవినోదినీ సభవారు చెన్నపట్టణమునకు వచ్చి ఈ హాలులోనే తమ తెలుగు నాటకములను ప్రదర్శించిరి. ప్రేక్షకులలో పదునెనిమిదేండ్ల తమిళ విద్యార్థి యొకడుండెను. అతడు పమ్మల్ సంబంధ మొదలియారు. ఆనాటి తమిళ వీధి నాటకములన్న అతనికి ఏవగింపు. చదువుకొన్నవారు, గౌరవముగల కుటుంబములవారు వేషము కట్టుట అవమానమని ఊరంతయు తలచుచుండెను. బళ్లారి నుండి వచ్చిన నటులు న్యాయవాదులు, ప్రభుత్వోద్యోగులు. వారు సిగ్గుపడక రంగమెక్కి, శ్రద్ధతో నటించి, మరల మర్యాదగా తమ ఉద్యోగములకు పోవుచుండిరి. అది చూచిన ఆ విద్యార్థి మనస్సు మారినది. కొందరు మిత్రులను కూర్చుకొని అదే సంవత్సరము జూలై 1వ తేదీన సుగుణ విలాస సభను స్థాపించెను. నూతన తమిళ నాటకమునకు ఆయన మూలపురుషుడైనారు. తొంబదికి పైగా నాటకములు వ్రాసిరి. అందులో సారంగధర కూడ నొకటి. సుగుణ విలాస సభ అనేక సంవత్సరములు ఈ విక్టోరియా హాలునే తన నివాసముగా చేసికొని, తమిళముతోబాటు తెలుగు మొదలగు ఇతర భాషలలోను నాటకములాడినది. తనకు ప్రేరణ బళ్లారి తెలుగువారివలన కలిగెనని మొదలియారుగారు తమ జ్ఞాపకములలో దాపరికము లేక వ్రాసికొనిరి. 1964లో తొంబదియొకటవ యేట ఆయన కాలధర్మము చెందిరి.

ఇదంతయు విన్న తరువాత మేము ఆ పిల్లవానితో ఇట్లంటిమి: "తమిళుల ఊరిలో, తమిళుల నాటకమునకు పురుడుపోసినది, నేడు కర్ణాటకమున నున్న ఊరినుండి వచ్చిన తెలుగు నాటకము. మరి సంబంధము లేదందువా?" వాడేమియు అనలేదు. రంగస్థలమువైపు చూచుచు నిలిచెను. వాని ప్రక్కనున్న బాలిక మాత్రము, "అయితే వారు బళ్లారిలో కన్నడము రాకుండనే బ్రతికిరా సార్?" అని ప్రశ్నించినది. మంచి ప్రశ్న.

రాక యేమి? బళ్లారి రాఘవగారి చరిత్రయే ఇందుకు సమాధానము. తాడిపత్రి రాఘవాచార్యులు (1880-1946) ధర్మవరమువారికి మేనల్లుడు, ఆయనవలెనే న్యాయవాది. తెలుగులోను, కన్నడములోను, ఇంగ్లీషులోను నటించిరి. బెంగుళూరులోని కన్నడ నాటక ప్రియులకు ఆయన పరాయివాడు కాడు. కోలాచలము శ్రీనివాసరావుగారు బళ్లారిలోనే నడిపిన సుమనోరమ సభ ధర్మవరమువారి సభకు పోటీ. శ్రీనివాసరావుగారి చారిత్రక నాటకములో రాఘవగారు పఠాను వేషము కట్టి పేరుపొందిరి. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని వాదించి, ఆచరించి, నిందలు పడిరి. మన పిల్లలకు ఆసక్తి కలిగించు సంగతి మరియొకటి. 1927లో గాంధీ మహాత్ముడు అనారోగ్యముచే నంది కొండమీద విశ్రాంతి తీసికొనుచుండగా, రాఘవగారు అచ్చటికి పోయి దీనబంధు కబీరు నాటకమును ఆయన యెదుట ప్రదర్శించిరి. నంది కొండ నేడు చిక్కబళ్లాపురము జిల్లాలో నున్నది. 2007 వరకు అది మన కోలారు జిల్లాయే. మన పిల్లలు సెలవులకు పోయి ఫొటోలు తీసికొను కొండమీద అట్టి నటుడు వేషము కట్టెనని వారిలో ఒక్కరికిని తెలియదు. మన వాచకములు చెప్పవు, మనమును చెప్పలేదు.

తెలుగు తప్ప మరియొకటి యెరుగనివారు ఈ పని చేయలేదు. తెలుగును బాగుగ నేర్చి, దానిమీద కన్నడమును, ఇంగ్లీషును నిలిపినవారు చేసిరి. మా పాఠశాలలో కన్నడ బోధనను తగ్గింపవలెనని మే మెన్నడును అనలేదు, అనబోము.

హాలు కథ నాటకముతో ముగియలేదు. 1897 ఫిబ్రవరిలో అమెరికా నుండి తిరిగివచ్చిన వివేకానందస్వామి తన కార్యక్రమమును గూర్చి ఇచ్చట ఉపన్యసించిరి. ఆ శతాబ్దము ముగియకముందే చెన్నపట్టణవాసులు కదలు బొమ్మలను మొదటిసారి చూచినది ఇచ్చటనే. 1910 ప్రాంతమున మచిలీపట్టణమువాడైన రఘుపతి వెంకయ్యనాయుడుగారు, చెన్నపట్టణమున ఫొటోగ్రాఫరుగా జీవించుచు, బొమ్మతో గ్రామఫోను ధ్వనిని జతపరచు క్రోనోమెగాఫోను అను యంత్రమును తెప్పించి ఈ హాలులో ప్రదర్శనలిచ్చిరి. ఆ తరువాత మౌంటు రోడ్డులో గెయిటీ అను సినిమా శాలను తామే కట్టించిరి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వారి పేరిటనే సినిమా పురస్కారమును నెలకొల్పినది. వారము వారము సినిమాకు పోవు మన యువకులకు ఈ పేరైనను తెలియవలెను.

శబ్దమును గూర్చి చెప్పక ఈ పాఠము ముగింపజాలము. మైకు లేని కాలమున కట్టిన శాల ఇది. రంగముమీద పద్యమెత్తుకొనిన నటుని గొంతు కడపటి బల్లపై కూర్చున్నవానికి, గ్యాలరీ మీదివానికి కూడ వినబడవలెను. తొమ్మిదవ తరగతి సామాన్య శాస్త్రములో పిల్లలు చదివినదే: శబ్దము సెకండుకు సుమారు 340 మీటర్లు పోవును. పదునేడు మీటర్లకు మించిన దూరముననున్న గోడకు తగిలి తిరిగివచ్చు శబ్దము, మొదటి మాట ముగిసిన పిదప విడిగా వినబడును, అదియే ప్రతిధ్వని. పొడవైన హాలులో మాట మీద మాట పడి చెడిపోవు ప్రమాదమున్నది. కొయ్య గ్యాలరీ, తెరలు, కుర్చీలు, అన్నిటికంటె మిన్నగా కూర్చున్న జనము, ఆ తిరుగు శబ్దమును కొంత మ్రింగును. నిండిన శాలలో గొంతు స్పష్టముగ వినబడుటకు, ఖాళీ శాలలో మ్రోగుటకు ఇదియే కారణము. అలంకారపు చెక్కడములు గూడ నునుపైన గోడవలె శబ్దమును ఒకేచోటికి పంపక, నలుదిక్కులకు చెదరగొట్టును. కనుక ఆ చెక్కడములు కంటికి మాత్రమే కాక చెవికి కూడ పనిచేయుచున్నవి.

అచ్చటి ఉద్యోగి అనుమతించగా, పదవ తరగతి బాలిక యొకతె హాలు నడుమ నిలిచి తరగతిలో నేర్చిన పద్యమొకటి చదివినది. మేము దూరముగా గోడవద్ద నిలిచితిమి. పద్యము బాగుగనే వినబడినది. కాని ఆ బిడ్డకు రాగము తెలియదు. విరామమెచ్చట నిలుపవలెనో, ఏ అక్షరముమీద గొంతు చాపవలెనో తెలియదు. తప్పు ఆమెది కాదు. నేర్పువారు తరిగిపోయిరి. మా ఉపాధ్యాయులలో పద్యమునకు అర్థము చెప్పగలవారు ఐదుగురు కలరు, రంగస్థలమున పాడురీతిని పద్యము పాడి వినిపింపగలవారు ఒక్కరును లేరు. పాడువడిన గోడకు సున్నము దొరకినది, మేస్త్రీ దొరికినాడు, ముప్పది కోట్లు కూడ దొరకినవి. రాగమును తెలిసిన గొంతు పోయిన తరువాత దానినెక్కడినుండి తెత్తుము?

ఇది మన జిల్లాలో వాయిదా వేయుటకు వీలులేని విషయము. 2001 ఫిబ్రవరి 28వ తేదీన కోలారు బంగారు గనులు మూతబడినవి. పనిచేసిన కుటుంబములు బెంగుళూరునకు, చెన్నపట్టణమునకు, ఇతర చోట్లకు చెదరిపోయినవి. మిగిలిన ఇండ్లలో పండుగలనాడు నాటకములు చూచిన పెద్దలు, హార్మోనియము వాయించిన పెద్దలు, పద్యములు నోట గలవారు ఇంకను కొందరుందురని మా నమ్మకము. వారికి ఎనుబదేండ్లు పైబడియుండును. వారి మనుమలు మా బడిలో చదువుచు, తాతగారికి ఆ విద్య వచ్చునని యెరుగకుందురు.

గడచిన సంవత్సరము వార్షికోత్సవమునందు పద్యనాటకమును విడిచి, సినిమా పాటలకు నృత్యము పెట్టవలెనని కొందరు తల్లిదండ్రులు కోరిరి. పిల్లలు అది త్వరగా నేర్తురు, చూచువారికి ఉల్లాసము కలుగునని వారి వాదము. ఆ వాదములో నిజము లేకపోలేదు. నృత్యమును తీసివేయము. కాని రాబోవు వార్షికోత్సవమునందు హరిశ్చంద్ర కథనుండి ముప్పావు గంట నిడివిగల ఘట్టమును మా పిల్లలచే ఆడింప నిశ్చయించితిమి. ఆ ముప్పావు గంటసేపు మైకు ఉండదు. మా పాఠశాల హాలు కప్పు రేకులది, గోడలు నున్ననివి, మ్రోత యెక్కువ. అందుచే వెనుక గోడకు పాత దుప్పట్లు కట్టి, కుర్చీలను దగ్గరగా జరిపి, గొంతు కడపటి వరుసకు చేరునట్లు చూడ యత్నింతుము. సామాన్య శాస్త్ర ఉపాధ్యాయులు ఆ భారము వహించిరి.

పద్యము నేర్పు భారము మాత్రము మీ ఇండ్లలోని పెద్దలది. పద్యనాటకములో వేషము కట్టినవారు గాని, చూచి రాగము పట్టినవారు గాని మీ యింట, మీ వీధిలో ఉన్నచో మాకు తెలుపుడు. వారు నడువలేకున్నచో మా ఉపాధ్యాయులే పిల్లలతో వారి యింటికి వత్తురు. పాత నాటకప్రతులు, తెరల చిత్రములు, వేషధారుల ఫొటోలు ఉన్నచో పాఠశాల కార్యాలయమునకు తెచ్చియిచ్చిన, నకలు తీసికొని రసీదుతో తిరిగి యిత్తుము. శనివారము మధ్యాహ్నము రెండు గంటల నుండి అభ్యాసము జరుగును. హార్మోనియము ఒకటి మాకు కావలెను. మా దానికి రెండు మెట్లు పలుకుట లేదు.